ఏఆర్‌డీఎస్‌కు మందు ఎందుకు కుదరడం లేదు

1967లో అమెరికాలోని డెన్వర్ వైద్యులు లాన్సెట్ పత్రికలో 12 మంది రోగుల గురించి రాశారు. వారిలో కొందరు ప్రమాదాల్లో గాయపడినవారు, కొందరు వైరస్ ఇన్‌ఫెక్షన్ సోకినవారు, ఒకరు క్లోమగ్రంథి వాపుతో వచ్చినవారు. మూలకారణాలు వేరైనా అందరూ చివరకు ఒకే స్థితికి చేరారు. శ్వాస వేగం విపరీతంగా పెరిగింది, ఎంత ఆక్సిజన్ ఇచ్చినా రక్తంలో దాని స్థాయి పెరగలేదు, ఊపిరితిత్తులు బిగుసుకుపోయాయి, ఎక్స్‌రేలో రెండు వైపులా తెల్లని నీడలు కమ్మాయి. ఎక్యూట్ రెస్పిరేటరీ డిస్ట్రెస్ సిండ్రోమ్ అనీ, పొట్టిగా ఏఆర్‌డీఎస్ అనీ నేడు పిలుస్తున్నది ఆ స్థితినే. న్యుమోనియా, సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినడం), కడుపులోని పదార్థం శ్వాసనాళంలోకి జారడం, భారీ గాయాలు, రక్తమార్పిడి, వీటిలో ఏదైనా దానికి దారి తీయవచ్చు. 50 దేశాల్లోని 459 ఐసీయూలను పరిశీలించి 2016లో వెలువడిన లంగ్ సేఫ్ అధ్యయనం ప్రకారం ఐసీయూలో చేరినవారిలో దాదాపు 10 శాతం మందికి ఈ సమస్య ఉంది. వారిలో 40 శాతం మంది ఆసుపత్రిలోనే మరణించారు. తీవ్ర స్థాయి రోగుల్లో ఇది 46 శాతం.

ఈ మరణాలను తగ్గించిన రెండు పెద్ద మార్పుల్లో ఏదీ మందు కాదు. 861 మంది రోగులతో అమెరికాలో జరిగి 2000లో ఫలితాలు వెలువడిన ట్రయల్‌లో, వెంటిలేటర్ ఒక్కో శ్వాసకు పంపే గాలిని 12 మిల్లీలీటర్ల నుంచి 6 మిల్లీలీటర్లకు, అదీ ఎత్తును బట్టి లెక్కగట్టిన బరువులో ఒక్కో కిలోకు, తగ్గించినప్పుడు మరణాలు 39.8 శాతం నుంచి 31 శాతానికి దిగాయి. 2013లో వెలువడిన మరో ట్రయల్‌లో, తీవ్ర రోగులను ఒక్కో విడతలో కనీసం 16 గంటలు బోర్లా పడుకోబెట్టినప్పుడు 28 రోజుల్లో మరణాలు 32.8 శాతం నుంచి 16 శాతానికి తగ్గాయి. రెండింటి మేలూ ప్రధానంగా ఒకే చోట నుంచి వచ్చింది: దెబ్బతిన్న ఊపిరితిత్తికి యంత్రం చేసే అదనపు గాయం తగ్గింది. అసలు గాయాన్ని మాన్పే మందు కోసం దశాబ్దాలుగా జరిగిన ప్రయత్నాల్లో మాత్రం ఎక్కువ భాగం విఫలమయ్యాయి. ఆ వైఫల్యాలను వరుసగా పరిశీలిస్తే, లోపం చాలాసార్లు మందు అణువులో కన్నా దాన్ని ఎవరికి, ఎప్పుడు, ఏ మార్గంలో ఇచ్చారన్న దానిలోనే ఉన్నట్టు కనిపిస్తుంది.

గురి దేనికి పెట్టాలో తెలియాలంటే ముందు గాయం జరిగే తీరు తెలియాలి. మనిషి ఊపిరితిత్తుల్లో దాదాపు 48 కోట్ల వాయుకోశాలు ఉంటాయని ఒక అంచనా. ఒక్కో కోశంలోని గాలికీ, దాన్ని చుట్టి ఉన్న కేశనాళికలోని రక్తానికీ మధ్య ఉన్న పొర మందం మైక్రోమీటరు కన్నా తక్కువ. ఆ పొరకు రక్తం వైపు ఎండోథీలియల్ కణాలు, గాలి వైపు ఎపిథీలియల్ కణాలు ఉంటాయి. ఎపిథీలియల్ కణాల్లో మొదటి రకం పలుచగా పరుచుకుని ఉపరితలంలో దాదాపు 95 శాతాన్ని కప్పుతుంది. ఆక్సిజన్ రక్తంలోకి దాటేది వాటి గుండానే. రెండో రకం కణాలు సంఖ్యలో తక్కువేమీ కావు గానీ చోటు తక్కువ ఆక్రమిస్తాయి, పని మాత్రం ఎక్కువ చేస్తాయి. కోశం ముడుచుకుపోకుండా చూసే సర్ఫాక్టెంట్‌ను అవి తయారుచేస్తాయి, సోడియంను తోడేస్తూ దాని వెంట నీటినీ లాగి కోశాన్ని పొడిగా ఉంచుతాయి, మొదటి రకం కణాలు చచ్చిపోయినప్పుడు తామే విభజన చెంది ఆ ఖాళీని పూడుస్తాయి.

సూక్ష్మజీవుల ముక్కలో, చనిపోయిన కణాల శిథిలాలో తగిలినప్పుడు వాయుకోశాల్లోని మాక్రోఫేజ్‌లనే రక్షణ కణాలు మేల్కొంటాయి. వాటి లోపల ఎన్‌ఎఫ్-కప్పా-బి వంటి సంకేత వ్యవస్థలు పనిలో పడి టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, ఇంటర్‌ల్యూకిన్-6, ఇంటర్‌ల్యూకిన్-8 వంటి సైటోకైన్‌లను, అంటే కణాల మధ్య సంకేతాలు మోసే ప్రోటీన్లను, విడుదల చేయిస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-8 పిలుపు అందుకుని రక్తంలోని న్యూట్రోఫిల్‌లనే తెల్లకణాలు గుంపులుగా వచ్చి ఎలాస్టేస్ వంటి ఎంజైములనూ, ఆక్సిజన్ రాడికల్స్‌నూ, తమ డీఎన్‌ఏతోనే అల్లిన వలలనూ వదులుతాయి. ఎండోథీలియల్ కణాలను ఒకదానితో ఒకటి కలిపి ఉంచే బంధాలు సడలుతాయి. ఆంజియోపోయెటిన్-2 అనే ప్రోటీన్ ఆ సడలింపును మరింత పెంచుతుంది. ప్రోటీన్లు నిండిన ద్రవం కోశాల్లోకి కారి సర్ఫాక్టెంట్‌ను పనికిరాకుండా చేస్తుంది. అక్కడే ఫైబ్రిన్ అనే ప్రోటీన్ గడ్డకట్టి, చచ్చిన కణాలతో కలిసి గాజులాంటి పొరగా కోశం గోడకు అతుక్కుంటుంది. ఇక్కడే మందు తయారుచేసేవారికి తప్పని చిక్కు ఉంది. గాయం చేస్తున్న ఈ కణాలూ, ఈ అణువులే ఇన్‌ఫెక్షన్‌ను చంపే బాధ్యతా మోస్తున్నాయి. వాటిని పూర్తిగా అణిచేస్తే ఊపిరితిత్తి కాస్త ఊరట పొందవచ్చు గానీ బాక్టీరియాకు ఎదురు ఉండదు. పైగా న్యూట్రోఫిల్‌లు దాదాపు లేని రోగుల్లోనూ ఏఆర్‌డీఎస్ వస్తుంది కాబట్టి, ఒక్క దారి మూసినంత మాత్రాన గాయం ఆగుతుందన్న హామీ లేదు.

ఈ గొలుసులో దాదాపు ప్రతి లంకెకూ ఒక మందును ప్రయోగించి చూశారు. సర్ఫాక్టెంట్ తరిగిపోతోంది కదా అని దాన్ని తుంపరగా లోపలికి పంపారు. నెలలు నిండని శిశువులను కాపాడిన ఆ చికిత్స పెద్దవారిలో మరణాలను తగ్గించలేదు. పీల్చే నైట్రిక్ ఆక్సైడ్‌తో ఆక్సిజన్ స్థాయి కొద్ది రోజులు మెరుగుపడింది, బతికినవారి సంఖ్య మాత్రం పెరగలేదు. వాపును తగ్గిస్తాయని ఆశించిన కీటోకోనజోల్, లైసోఫిలిన్ ఫలించలేదు. ఎలాస్టేస్‌ను అడ్డుకునే సివెలెస్టాట్ జపాన్‌లో వాడుకలోకి వచ్చినా, అంతర్జాతీయ ట్రయల్‌లో మేలు చూపలేకపోయింది. కోశాల నుంచి నీటిని తోడే శక్తిని పెంచుతుందని ఆశించి రక్తనాళం ద్వారా సాల్బ్యుటమాల్ ఇచ్చిన బ్రిటన్ ట్రయల్‌ను మధ్యలోనే ఆపాల్సి వచ్చింది. మందు తీసుకున్నవారిలో 28 రోజుల మరణాలు 34 శాతం, ప్లాసిబో (మందు లేని ఉత్తి మోతాదు) తీసుకున్నవారిలో 23 శాతం. ఎపిథీలియం మరమ్మత్తును వేగవంతం చేస్తుందనుకున్న పాలిఫెర్మిన్ కూడా చిన్న ట్రయల్‌లో హాని వైపే మొగ్గు చూపింది. ఈ మందుల్లో చాలావాటికి ప్రయోగశాలలో బలమైన ఆధారం ఉంది. అందుకే ఒక్కో వైఫల్యాన్ని ఒక్కో మందు ఖాతాలో వేసి ముందుకు సాగడం సరిపోదు.

మొదటి అనుమానం వ్యాధి నిర్వచనం మీదికే వెళ్తుంది. 2012 నాటి బెర్లిన్ నిర్వచనం ప్రకారం, ఒక వారంలోపు మొదలైన సమస్య, ఎక్స్‌రేలో రెండు వైపులా నీడలు, గుండె వైఫల్యంతో పూర్తిగా వివరించలేని పరిస్థితి, రక్తంలోని ఆక్సిజన్ పీడనానికీ ఇస్తున్న ఆక్సిజన్ పాళ్లకూ మధ్య నిష్పత్తి 300 లేదా అంతకన్నా తక్కువ ఉంటే అది ఏఆర్‌డీఎస్. ఆ నిష్పత్తి 100కు మించకపోతే తీవ్రం. వెంటిలేటర్ అమర్చడానికీ, ఐసీయూల మధ్య పోల్చిచూడడానికీ ఈ కొలతలు బాగానే పనికొస్తాయి. కణాల స్థాయిలో ఏం జరుగుతోందో మాత్రం ఇవి చెప్పవు. ఈ నిర్వచనానికి సరిపోయి మరణించిన 356 మంది శవపరీక్షలను 2013లో విశ్లేషించినప్పుడు, ఏఆర్‌డీఎస్‌కు ప్రత్యేక చిహ్నంగా భావించే వాయుకోశాల విస్తృత గాయం కనిపించింది 45 శాతం మందిలోనే. అంటే ఒకే పేరుతో ట్రయల్‌లో చేరినవారిలో సగానికి పైగా రోగుల ఊపిరితిత్తుల్లో, మందు లక్ష్యంగా పెట్టుకున్న గాయం ఆ రూపంలో లేకపోయి ఉండవచ్చు.

2014లో అమెరికా పరిశోధకురాలు కాల్ఫీ, ఆమె సహచరులు ప్రచురించిన విశ్లేషణ ఈ చర్చను మలుపు తిప్పింది. అంతకుముందే ముగిసిన రెండు అమెరికా ట్రయల్‌ల సమాచారాన్ని తీసుకుని, ఎవరు బతికారు, ఎవరు మరణించారన్నది చూడకుండా, కేవలం ప్రవేశ సమయంలోని రక్తపరీక్షలు, లక్షణాల ఆధారంగా రోగులు సహజంగా ఎన్ని గుంపులుగా విడిపోతారో వారు గణించారు. రెండు గుంపులు తేలాయి. దాదాపు 30 శాతం మంది ఉన్న మొదటి గుంపులో ఇంటర్‌ల్యూకిన్-6, ఇంటర్‌ల్యూకిన్-8, కరిగే టీఎన్ఎఫ్ గ్రాహకం ఎక్కువగా, బైకార్బొనేట్ తక్కువగా ఉన్నాయి. రక్తపోటును నిలిపే మందుల అవసరం ఎక్కువ. ఈ హైపర్‌ఇన్‌ఫ్లమేటరీ గుంపులో, అంటే ఇన్‌ఫ్లమేషన్ (వాపు ప్రతిచర్య) అతిగా ఉన్న గుంపులో, మరణాలు రెండో గుంపుతో పోలిస్తే దాదాపు రెట్టింపు. ఇదే విభజన ఆ తర్వాత ఇతర ట్రయల్‌ల సమాచారంలోనూ మళ్లీ మళ్లీ కనిపించింది. అంతకన్నా ముఖ్యమైనది, వెంటిలేటర్ పీడనాన్ని ఎక్కువ ఉంచడం, శరీరంలోకి ఎక్కించే ద్రవాలను నియంత్రించడం వంటి చికిత్సలకు ఈ రెండు గుంపులూ వేర్వేరుగా స్పందించాయి. మొత్తం సగటులో శూన్యంగా కనిపించిన ఫలితం, ఒక గుంపులోని మేలూ మరో గుంపులోని కీడూ ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడం వల్ల కూడా వచ్చి ఉండవచ్చన్నమాట.

కొలెస్టరాల్ తగ్గించే మందులైన స్టాటిన్ల కథ ఇందులోని ఆశనూ, హెచ్చరికనూ కలిపి చూపుతుంది. బ్రిటన్, ఐర్లండ్‌లలో 540 మందిపై సిమ్వాస్టాటిన్‌తో, అమెరికాలో 745 మందిపై రోసువాస్టాటిన్‌తో జరిగిన ట్రయల్‌లు రెండూ 2014లో విఫలమైనట్టు వెల్లడయ్యాయి. నాలుగేళ్ల తర్వాత మొదటి ట్రయల్ సమాచారాన్ని గుంపులవారీగా తిరిగి విశ్లేషిస్తే, హైపర్‌ఇన్‌ఫ్లమేటరీ రోగుల్లో సిమ్వాస్టాటిన్ తీసుకున్నవారు ఎక్కువ మంది బతికినట్టు తేలింది. అదే పద్ధతిని రెండో ట్రయల్‌కు వర్తింపజేస్తే రోసువాస్టాటిన్‌తో అలాంటి తేడా ఏదీ రాలేదు. రెండు స్టాటిన్ల రసాయన స్వభావంలోని తేడా కారణం కావచ్చు. మొదటి ఫలితం యాదృచ్ఛికం కూడా కావచ్చు. ఫలితాలు తెలిసిన ట్రయల్‌ను తర్వాత ముక్కలు చేసి చూస్తే ఏదో ఒక ముక్కలో ఆశ కనిపించడం వింత కాదు. కాబట్టి ఇలాంటి విశ్లేషణను కొత్త ట్రయల్‌కు పునాదిగా తీసుకోవాలే తప్ప చికిత్సకు ఆధారంగా తీసుకోకూడదు. ఒకే వేదికపై అనేక మందులను పరీక్షించే పాంథర్ అనే ప్లాట్‌ఫామ్ ట్రయల్ రూపకల్పన ఈ దిశలోనే సాగింది: రోగి ఏ గుంపుకు చెందుతాడో మొదటే తేల్చి, ఆపై సిమ్వాస్టాటిన్, బారిసిటినిబ్ వంటి మందులను పరీక్షించడం.

స్టెరాయిడ్ల విషయంలో గుంపుతో పాటు కాలమూ నిర్ణాయకమైంది. ఏఆర్‌డీఎస్ మొదటి వారంలో ద్రవం కారడం ప్రధానం; ఆ తర్వాత మరమ్మత్తు కణాలు చేరతాయి; కొందరిలో అది మచ్చకట్టడం వైపు మళ్లుతుంది. 180 మందితో అమెరికాలో జరిగి 2006లో వెలువడిన ట్రయల్‌లో, వ్యాధి మొదలై రెండు వారాలు గడిచాక మిథైల్‌ప్రెడ్నిసలోన్ మొదలుపెట్టినవారిలో మరణాలు పెరిగాయి. స్పెయిన్‌లో 277 మందిపై జరిగి 2020లో వెలువడిన ట్రయల్‌లో అదే తరగతికి చెందిన డెక్సామెథసోన్‌ను తొలిదశలోనే, రోజుకు 20 మిల్లీగ్రాములతో ప్రారంభించి పది రోజులు ఇస్తే 60 రోజుల మరణాలు 36 శాతం నుంచి 21 శాతానికి తగ్గాయి.

కోవిడ్ కాలంలో మొదటిసారిగా వేలాది మంది రోగులు ఒకే కారణంతో, దాదాపు ఒకే దశలో ట్రయల్‌లలో చేరారు. పరిశోధనకు అంతకుముందు ఎన్నడూ దొరకని ఏకరూపత అది, ఎంత విషాదంలో దొరికినా సరే. బ్రిటన్ రికవరీ ట్రయల్‌లో రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ వెంటిలేటర్‌పై ఉన్నవారి మరణాలను 41.4 శాతం నుంచి 29.3 శాతానికి తగ్గించింది. ఆక్సిజన్ మాత్రమే తీసుకుంటున్నవారిలో మేలు అంతకన్నా స్వల్పం. ఆక్సిజన్ అవసరమే లేనివారిలో మేలు లేకపోగా గీత హాని వైపు వంగింది. మందు ఒకటే, మోతాదు ఒకటే, వైరస్ ఒకటే. మారినది ఇన్‌ఫ్లమేషన్ చేరుకున్న దశ. ఇంటర్‌ల్యూకిన్-6 గ్రాహకాన్ని అడ్డుకునే టోసిలిజుమాబ్ తొలి ట్రయల్‌లలో తడబడి, స్టెరాయిడ్లతో కలిపి ఆక్సిజన్ కొరత, వాపు సూచికలు రెండూ ఉన్నవారికి ఇచ్చిన రికవరీ ట్రయల్‌లో మరణాలను 35 శాతం నుంచి 31 శాతానికి తగ్గించగలిగింది.

రోగిని ఎంచుకుని ఇవ్వడం అంటే ఏమిటో అన్నిటికన్నా స్పష్టంగా చూపినది అనకిన్రా. ఇంటర్‌ల్యూకిన్-1 పనిని అడ్డుకునే ఈ మందును అప్పటికే అత్యంత విషమ స్థితిలో ఉన్న కోవిడ్ రోగులకు ఏ రక్తసూచికా చూడకుండా ఇచ్చిన రీమ్యాప్-క్యాప్ ట్రయల్‌లో ప్రయోజనం కనిపించలేదు. గ్రీస్, ఇటలీలలో 594 మందిపై జరిగిన సేవ్-మోర్ ట్రయల్ మాత్రం, రక్తంలో ఎస్‌యూపార్ అనే సూచిక మిల్లీలీటరుకు 6 నానోగ్రాములు లేదా అంతకు మించి ఉన్నవారినే, అదీ ఇంకా వెంటిలేటర్ దాకా వెళ్లకముందే ఎంచుకుంది. 28 రోజుల మరణాలు 6.9 శాతం నుంచి 3.2 శాతానికి తగ్గాయి. 2021 డిసెంబరులో యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ ఈ వాడకాన్ని ఆ సూచికతో ముడిపెట్టే ఆమోదించింది. కోవిడ్‌కు చెల్లినది ఇతర కారణాల ఏఆర్‌డీఎస్‌కు యథాతథంగా చెల్లుతుందని దీన్ని బట్టి అనుకోరాదు. కానీ పద్ధతి చెల్లుతుంది.

సైటోకైన్‌లను దాటి చూస్తే మరో రెండు లక్ష్యాలు పరిశోధకులను ఆకర్షిస్తున్నాయి. ఒకటి, రక్తంలోని రక్షణ ప్రోటీన్ల సమూహమైన కాంప్లిమెంట్ వ్యవస్థలోని సి5ఏ అణువు. దాన్ని పట్టుకునే విలోబెలిమాబ్‌ను వెంటిలేటర్‌పై ఉన్న 368 మంది కోవిడ్ రోగులపై పరీక్షించినప్పుడు మరణాలు 42 శాతం నుంచి 32 శాతానికి తగ్గినా, ముందుగా నిర్ణయించుకున్న గణాంక పద్ధతిలో ఆ తేడా నిలబడలేదు, మరో పద్ధతిలో నిలబడింది. అమెరికా నియంత్రణ సంస్థ 2023లో అత్యవసర వాడకానికి అనుమతించింది. సంశయం పూర్తిగా తీరిందనడానికి మాత్రం లేదు. రెండోది ఎండోథీలియం. చెరువుకు గండి పడ్డాక నీరు తోడుతూ కూర్చోవడం కన్నా గండి పూడ్చడం మేలన్న ఆలోచనతో, రక్తక్యాన్సర్ మందుగా పేరున్న ఇమాటినిబ్‌ను కణాల మధ్య బంధాలను బిగించడానికి వాడి చూశారు. నెదర్లాండ్స్‌లో ఆక్సిజన్‌పై ఉన్న 400 మందిపై పరీక్షిస్తే ప్రధాన లక్ష్యం నెరవేరలేదు గానీ మరణాల్లో తగ్గుదల సూచనలు కనిపించాయి; ఆ తర్వాత వెంటిలేటర్‌పై ఉన్నవారికి రక్తనాళం ద్వారా ఇస్తే ఊపిరితిత్తుల్లో చేరిన నీరు తగ్గలేదు. ఇక్కడా ఆలస్యమే శత్రువు కావచ్చు.

మందును చోటికి చేర్చడం విడిగా ఒక సమస్య. పీల్చే మందు నేరుగా ఊపిరితిత్తికే చేరుతుంది, మిగతా శరీరంపై ప్రభావం తగ్గుతుంది అన్నది వినడానికి బాగుంటుంది. ఏఆర్‌డీఎస్‌లో ఊపిరితిత్తి అంతా ఒకేలా దెబ్బతినదు. కొన్ని భాగాలు గాలితో తెరుచుకుని ఉంటే కొన్ని నీటితో నిండి మూసుకుపోతాయి. తుంపర గాలి వెళ్లే చోటికే వెళ్తుంది కాబట్టి మందు అవసరం ఎక్కువున్న చోటికే తక్కువ చేరుతుంది. వెంటిలేటర్ గొట్టాల్లోనూ, కృత్రిమ శ్వాసనాళంలోనూ కొంత మందు అంటుకుపోతుంది. రక్తం ద్వారా వెళ్లే దారిలో, కేశనాళికల గోడలపై ఇన్‌ఫ్లమేషన్ వేళ పెరిగే ఐక్యామ్-1 వంటి అణువులను గుర్తుపట్టి అతుక్కునే నానో కణాలు జంతువుల్లో మందును గాయపడిన ప్రాంతానికి తెచ్చి నిలిపాయి. ఇవి మనుషుల దాకా రావాలంటే నాణ్యత, భద్రత, ఒకే రకంగా తయారీ అన్న అడ్డంకులను దాటాలి.

ప్రయోగశాల నమూనాలపైనా కొంత నింద పడుతుంది. యవ్వనంలో ఉన్న ఆరోగ్యవంతమైన ఎలుకకు బాక్టీరియా గోడలోని ఎల్‌పీఎస్‌ను ఇచ్చి, కొన్ని గంటల ముందో వెనకో మందు ఇచ్చి చూడడం సర్వసాధారణ పద్ధతి. ఐసీయూ రోగి వయసు మళ్లినవాడు, మధుమేహమో మరొకటో ఉన్నవాడు, రోజుల తరబడి వెంటిలేటర్‌పై ఉన్నవాడు, యాంటీబయాటిక్‌లు వాడుతున్నవాడు. మనిషి రక్తంలోని తెల్లకణాల్లో సగానికి పైగా న్యూట్రోఫిల్‌లు అయితే ఎలుకలో వాటి వాటా చాలా తక్కువ. అవయవ దానానికి పనికిరాని మానవ ఊపిరితిత్తులను శరీరం బయట సజీవంగా ఉంచి పరీక్షించడం, మానవ కణాలను సూక్ష్మ గొట్టాల్లో పెంచే లంగ్-ఆన్-చిప్ వంటివి ఈ అంతరాన్ని కొంత పూడుస్తాయి. హార్వర్డ్ పరిశోధకులు 2010లో పరిచయం చేసిన ఆ చిప్‌పై 2012లో ఇంటర్‌ల్యూకిన్-2 వల్ల కోశాల్లోకి నీరు చేరే తీరును పునఃసృష్టించి, శ్వాస కదలికే ఆ లీకేజీని పెంచుతుందని, టీఆర్‌పీవీ4 అనే ద్వారాన్ని మూసే అణువు దాన్ని ఆపగలదని చూపారు. యంత్రం చేసే గాయానికీ మందు చేసే మేలుకూ ఉన్న సంబంధాన్ని ఇంత నేరుగా చూపే నమూనాలు అరుదు. అయితే చిప్‌లో మూత్రపిండాలు లేవు, కాలేయం లేదు, సెప్సిస్ లేదు.

ఇకముందు జరిగే ట్రయల్‌లకు అన్నిటికన్నా ఆచరణాత్మకమైన అవసరం వేగవంతమైన పరీక్ష. ఇంటర్‌ల్యూకిన్-6, కరిగే టీఎన్ఎఫ్ గ్రాహకం, బైకార్బొనేట్ వంటి మూడు నాలుగు కొలతలతోనే రోగి ఏ గుంపువాడో చాలావరకు సరిగా గుర్తించవచ్చని తేలింది. బైకార్బొనేట్ ప్రతి ఐసీయూలోనూ నిమిషాల్లో తెలుస్తుంది. సైటోకైన్‌ల ఫలితం మంచం పక్కనే గంటలోపు రాకపోతే తొలిదశ చేజారిపోతుంది. గుంపును తప్పుగా గుర్తించడం మామూలు పొరపాటు కాదు. ఊపిరితిత్తి ఆకృతిని బట్టి వెంటిలేటర్‌ను అమర్చిన ఫ్రాన్స్ ట్రయల్‌లో 21 శాతం మంది తప్పు గుంపులో పడ్డారు, అలా పడినవారికి వ్యక్తిగత చికిత్స సాధారణ చికిత్స కన్నా కీడే చేసింది. పైగా రోగుల్లో మూడో వంతు మందినే చేర్చుకునే ట్రయల్‌కు మూడు రెట్లు ఎక్కువ మందిని పరీక్షించాలి కనుక, ఒక్కో మందుకు విడివిడిగా కాకుండా ఒకే వేదికపై అనేక దేశాల ఐసీయూలు కలిసి, పనిచేయని మందును తీసేస్తూ కొత్తదాన్ని చేర్చుకుంటూ సాగే పద్ధతే మిగిలిన మార్గంగా కనిపిస్తోంది.

ఏ కొలతతో గెలుపును నిర్ణయించాలన్న ప్రశ్న కూడా తెగలేదు. ఏఆర్‌డీఎస్ రోగుల్లో చాలామంది మరణించేది కేవలం ఆక్సిజన్ అందక కాదు. సెప్సిస్‌తోనో, ఒక్కో అవయవం చేతులెత్తేయడంతోనో. ఊపిరితిత్తిలోని నీటిని నిజంగానే తగ్గించిన మందు కూడా, రోగి మూత్రపిండాల వైఫల్యంతో మరణిస్తే ట్రయల్ లెక్కలో ఓడిపోయినట్టే నమోదవుతుంది. వెంటిలేటర్ లేకుండా గడిపిన రోజులను లెక్కించడం దీనికి మధ్యేమార్గంగా వాడుకలో ఉంది. హైపర్‌ఇన్‌ఫ్లమేటరీ గుంపు రోగుల్లో ఊపిరితిత్తి గాయం, శరీరమంతటి ఇన్‌ఫ్లమేషన్ ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయి కనుక వారికి మరణాల కొలతే సబబు కావచ్చు. గాయం ఊపిరితిత్తికే ఎక్కువగా పరిమితమైనవారికి ఇచ్చే పొర మరమ్మత్తు మందులకు అదే కొలత అన్యాయం చేసే అవకాశం ఉంది.